పెన్ను ఎప్పుడు, కెమెరా ఎప్పుడు: గోదావరి డెల్టాలో కొత్త విలేకరికి మల్టీమీడియా

అమలాపురంలోనో భీమవరంలోనో డిగ్రీ చదువుతూ జర్నలిజం వైపు చూస్తున్న పిల్లలు 'వార్త ఎలా రాయాలి' అని అడగడం తగ్గిపోయింది. 'వీడియో ఎడిటింగ్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా?' అన్నదే ఇప్పుడు మొదటి ప్రశ్న. చిన్న ప్రశ్నే గానీ అందులో మూడు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. కెమెరా, మైకు, మ్యాపు వాడటం వస్తే వార్త మెరుగవుతుందా? ఉద్యోగం దొరకడం తేలికవుతుందా? జీతం పెరుగుతుందా? మొదటిదానికి చాలాసార్లు అవునని చెప్పొచ్చు. రెండోదానికి కొంతవరకు అవును. మూడోదానికి అంత ధైర్యంగా జవాబు చెప్పలేం. ఈ మూడింటినీ ఒకే మూటగా కట్టి అమ్మే కోర్సుల ప్రకటనలు మాత్రం ఊరూరా కనిపిస్తున్నాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చేతిలో ఉన్న సంగతిని రాతలో చెప్పాలా, గొంతుతో వినిపించాలా, మ్యాపు మీద చూపాలా అని తేల్చుకోగలగడమే ఈ నైపుణ్యంలో అసలు భాగం. యాప్‌లు తర్వాతి సంగతి, కూర్చుంటే కొద్ది రోజుల్లో వచ్చేస్తాయి. తేల్చుకోవడం మాత్రం ఊరు తెలిసినవాడికే వస్తుంది. అందుకే దీన్ని డెల్టాలో అందరికీ తెలిసిన వరద దగ్గర నుంచి మొదలుపెడదాం.

'ధవళేశ్వరంలో ఎంతుంది?'

జూలై, ఆగస్టుల్లో మన దగ్గర పలకరింపే ఇది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఎగువన భద్రాచలంలో ఈ అంకెలు 43, 48, 53 అడుగులు. వీటికి తోడు క్యూసెక్కులు. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే ఒక క్యూసెక్కు. 2022 జూలైలో ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి వెళ్లింది, భద్రాచలంలో మట్టం 71 అడుగులు దాటింది. పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకునే 1986 ఆగస్టు వరదలో భద్రాచలంలో 75.6 అడుగులు, ధవళేశ్వరంలో 35 లక్షల క్యూసెక్కుల పైమాటే.

టీవీ స్క్రోలింగ్ ఈ అంకెల్నే రోజంతా తిప్పుతుంది. కానీ లంకలో, అంటే నది మధ్య దీవిలో, ఉన్న మనిషికి వాటితో నేరుగా ఒరిగేది తక్కువ. మా దారి ఎప్పుడు మునుగుతుంది, పంటు (మనుషుల్ని, బండ్లను ఏరు దాటించే పెద్ద పడవ) ఎప్పుడు ఆపేస్తారు, గేదెల్ని ఏటిగట్టు మీదికి ఎప్పుడు తోలాలి? బూరుగులంక రేవు దగ్గర నిలబడ్డవాడికి కావాల్సిన వార్త అది. కొన్ని కాజ్‌వేలు (పాయకు అడ్డంగా వేసిన ఎత్తు తక్కువ రోడ్లు) మొదటి హెచ్చరిక దాకా ఆగవు, ముందే నీళ్లలోకి వెళ్లిపోతాయి. కొన్ని ఊళ్లకు మూడో హెచ్చరిక వచ్చినా గట్టు ఆపుతుంది. పైగా గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలన్నీ ఒకేలా పొంగవు. సముద్రం పోటు మీద ఉంటే నీరు లాగదు, మట్టం తగ్గుతున్నా కింది లంకల్లో నీళ్లు నిలిచే ఉంటాయి.

ఈ సంగతిని రాతలో చెప్పబోతే పేరాలు పేరాలు అవుతుంది, చదివేవాడికి తలనొప్పి. వీడియోలో చెప్పనే లేం. దీనికి సరైన రూపం మ్యాపు, పక్కన చిన్న పట్టిక. ధవళేశ్వరంలో ఎన్ని అడుగులుంటే ఏ ఊరి దారి మునుగుతుంది అన్నంత సాదా పట్టిక చాలు. దీన్ని వరద వచ్చిన రోజు కూర్చుని చేయలేం. మే నెల ఎండల్లోనే పడవ నడిపేవాళ్లను, వీఆర్వోలను, పాత వరదల గీతలు గోడల మీద చూపించే ముసలివాళ్లను అడిగి, ఒకరు చెప్పింది ఇంకొకరితో సరిచూసుకుని పెట్టుకోవాలి. ఇందులో సాఫ్ట్‌వేర్ పని అరపూట. మిగతాదంతా తిరుగుడే. అయినా ఈ పట్టిక చేసిన కుర్రాడి పని రీలు చేసినవాడి పనికంటే పది రెట్లు ఎక్కువ కాలం బతుకుతుంది. వచ్చే ఏడు మళ్లీ పనికొస్తుంది, ఆ పై ఏడు కూడా.

అలాగని వీడియో వద్దనను. రేవు దగ్గర ప్రవాహం ఎంత ఉరవడిగా ఉందో పది సెకన్లు కదలకుండా తీసిన షాట్ చెప్పినట్టు ఏ వాక్యమూ చెప్పదు. గోడ మీద నీళ్లు వదిలిన బురద గీత, పక్కన తలుపు కనిపించేలా తీస్తే ఎత్తు తెలిసిపోతుంది. డ్రోన్ షాట్‌లో ముంపు ఎంత దూరం ఉందో తెలుస్తుంది గానీ ఎంత లోతుందో తెలియదు. చాలామందికి ఈ తేడా తట్టదు. ఇక విలేకరి మోకాల్లోతు నీళ్లలో దిగి లోగో పట్టుకుని కెమెరా వైపు చూస్తూ చెప్పే మాటల (పీటూసీ) వల్ల మనకు తెలిసేది ఆయన మోకాలు ఎంత ఎత్తుందో అంతే.

నీళ్లు తీశాక అసలు కథ మొదలవుతుంది. దానికి మళ్లీ పెన్నే దిక్కు. ప్రకృతి విపత్తు సాయం నిబంధనల ప్రకారం పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటేనే పెట్టుబడి రాయితీ. అంచనా ఎవరు వేశారు, జాబితాలో పేరు భూమి యజమానిదా కౌలు రైతుదా, కౌలు రైతుకు సీసీఆర్సీ కార్డు (పంట సాగుదారు హక్కు పత్రం) ఉందా లేదా, డబ్బు ఎవరి ఖాతాలో పడింది? వీటికి విజువల్స్ ఉండవు, కాగితాలు ఉంటాయి. కాగితం చదవడం, రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి తేడా పట్టుకోవడం, సమాచార హక్కు దరఖాస్తు సరిగ్గా రాయడం రాని మనిషికి ఎంత మంచి కెమెరా ఉన్నా ఈ వార్త దొరకదు. ఒకే వరదలో మ్యాపు, వీడియో, రాత మూడూ వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నాయి. ఏ ప్రశ్నకు ఏది అన్నది తెలియకపోతే మూడూ వచ్చినా ఉపయోగం లేదు.

చెవికి పెట్టని లెక్క

కొత్తవాళ్లలో నాకు కనిపించే పెద్ద లోటు ధ్వని. ఫోన్ కొనేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్ అని అడిగేవాళ్లే గానీ మైకు గురించి అడిగేవాళ్లు లేరు. చూసేవాళ్లు మాత్రం బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా ఓర్చుకుంటారు, మాట వినపడకపోతే మరుక్షణం పక్కకు జరిపేస్తారు. అంతర్వేదిలోనో ఓడలరేవులోనో ఎవరి మాటలైనా రికార్డు చేసుకుని (దీన్నే బైట్ అంటారు) ఇంటికొచ్చి వింటే గాలి హోరు తప్ప ఏమీ ఉండదు. చొక్కాకు తగిలించే మైకు, దాని మీద స్పాంజి తొడుగు, గాలికి వీపు పెట్టి నిలబడటం, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని అక్కడికక్కడే ఒకసారి వినడం. ఖర్చు చూస్తే కెమెరా లెన్సుల్లో పదో వంతు ఉండదు.

ధ్వనిలో ఇంకో మేలుంది. మనిషి కెమెరా చూస్తే బిగుసుకుపోతాడు, 'ప్రభుత్వం వారు మమ్మల్ని ఆదుకోవాలి' అనే అరిగిపోయిన వాక్యం అందుకుంటాడు. అదే మనిషి పక్కన కూర్చుని, అడిగి, ఒప్పుకున్నాక ఫోన్ రికార్డర్ ఆన్ చేసి కబుర్లు చెప్పిస్తే ఎనభయ్యారు వరదలో చూరు మీద ఎన్ని గంటలు కూర్చున్నారో, కింద ఏమేం కొట్టుకుపోయాయో తనంతట తనే చెప్పుకుపోతాడు. ఆ యాస, మధ్యలో ఆగి ఆగి చెప్పడం రాతలో సగం పోతాయి. ఇలాంటివి నాలుగు నిమిషాల ఆడియోగా వదిలితే చాలు, మీద సంగీతం పరచనక్కర్లేదు. (వరద బాధితుల గొంతు కింద ఏడుపు వయొలిన్ పెట్టే అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో గానీ అది మానేస్తే మన వీడియోల పరువు సగం నిలబడుతుంది.)

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం తీయడానికి వెళ్లే వాళ్లను గమనించండి. ఏకాదశ రుద్రుల ప్రభలు చూడటానికి ఎంత అందమో 2023 గణతంత్ర దినోత్సవ శకటంలో దేశమంతా చూసింది. అయితే గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువ దాటే ఆ కాసేపట్లో నీళ్లలో దిగిన కుర్రాళ్ల కేకలు, 'శరభ శరభ' అరుపులు, గట్టు మీద జనం ఊపిరి బిగబట్టి ఒక్కసారిగా వదలడం, ఇదంతా చెవితో తెలిసేది. దాని మీద యాంకర్ వాయిస్ ఓవర్ పోసేసిన వీడియోలే ఎక్కువ. అక్కడ విలేకరి చేయాల్సిన పని మాట్లాడకుండా ఉండటం.

ఒక్కరి మీదికే ఎందుకొచ్చింది?

గోదావరి జిల్లాల్లో పత్రికా పని మొదట్లోనూ ఒక్కరి చేతి పనే. కందుకూరి వీరేశలింగం 1874లో రాజమండ్రి నుంచి వివేకవర్ధని మొదలుపెట్టినప్పుడు రాయడం, దిద్దడం, అచ్చుకు తంటాలు పడటం అన్నీ ఆయనే చూసుకున్నారు. తర్వాత వంద సంవత్సరాల్లో పని విడిపోయింది. విలేకరి వేరు, ఫోటోగ్రాఫర్ వేరు, డెస్క్ వేరు. 1989లో ఈనాడు జిల్లా ట్యాబ్లాయిడ్లు తెచ్చాక మండలానికో కంట్రిబ్యూటర్ అవసరమయ్యాడు. 1995లో ప్రైవేటు తెలుగు చానళ్లు వచ్చాక కెమెరామన్, రిపోర్టర్ జంట తయారైంది. ఆ తర్వాత స్మార్ట్‌ఫోన్, చౌక డేటా వచ్చి విడిపోయిన పనులన్నీ మళ్లీ ఒక మనిషి జేబులోకి చేరాయి. ఈసారి తేడా ఏమిటంటే, వీరేశలింగం తన పత్రికకు తాను చేసుకున్నారు. ఇప్పటి స్ట్రింగర్ (నెల జీతం లేని ఊరి విలేకరి) ఇంకొకరి సంస్థకు చేస్తున్నాడు. ఆ తేడా దగ్గరికి మళ్లీ వస్తాను.

పాత వీడియోను పట్టుకునేదెవరు

ప్రతి జూలైలో వాట్సాప్ గ్రూపుల్లో వరద వీడియోలు మొదలవుతాయి. అందులో కొన్ని ఈ ఏడువి, కొన్ని ఎప్పటివో, కొన్ని మన దేశానివే కావు. ఇప్పుడు కంప్యూటర్ పుట్టించిన బొమ్మలు కూడా కలిశాయి. వీటిని వడకట్టడం కూడా మల్టీమీడియా నైపుణ్యమే. తీయడం నేర్చుకున్నవాడికి అబద్ధాన్ని పట్టుకోవడం తేలిక, ఎందుకంటే ఒక షాట్ ఎలా తయారవుతుందో తనకు తెలుసు.

సాధనాలు అందరికీ తెలిసినవే. వీడియోలో ఒక ఫ్రేము ఆపి గూగుల్ లెన్స్‌లో వెతికితే పాతది కొన్నిసార్లు బయటపడుతుంది. ఫోటో ఫైల్లో తీసిన సమయం, చోటు నమోదై ఉండొచ్చు, కానీ వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ వివరాలు పోతాయి, నాణ్యతా తగ్గిపోతుంది. అందుకే పంపినవాళ్లను డాక్యుమెంట్‌గా పంపమని అడగాలి. ఇంకా మంచిది, 'ఇది మీరే తీశారా? దీనికి ముందు, వెనక తీసినవి ఉన్నాయా?' అని అడగడం. ఫార్వర్డ్ చేసినవాడు ఇక్కడే దొరికిపోతాడు.

అయితే డెల్టాలో పుట్టినవాడికి ఏ సాధనమూ ఇవ్వని ఆధిక్యం ఒకటుంది. రాజమండ్రి వంతెనల సంగతే చూడండి. హేవలాక్ వంతెన 1900 నాటిది, రోడ్డు కం రైలు వంతెన 1974లో వచ్చింది, విల్లుల్లా వంగిన ఆర్చ్ వంతెన 1997లో పూర్తయింది. కాబట్టి '1986 వరద' అని తిరిగే ఫోటోలో ఆర్చ్‌లు కనిపిస్తే ఆ ఫోటో ఆ ఏడాదిది కాదు, ఇంకేమీ వెతకనక్కర్లేదు. పి.గన్నవరం అంటూ వచ్చిన వీడియోలో వైనతేయ మీద పాత అక్విడెక్ట్ (ఏటి మీదుగా కాలువను దాటించే వంతెన), పక్కన కొత్త డొక్కా సీతమ్మ అక్విడెక్ట్ జంటగా కనిపించాలి. ఒడ్డున కొబ్బరి తోటలా సరుగుడు తోపులా, పంటు మీద రాసిన రేవు పేరేమిటి, మాట్లాడేవాళ్ల యాస ఈ గట్టుదా ఆ గట్టుదా? హైదరాబాద్ డెస్క్‌లో కూర్చున్నవాళ్లకు ఇవి తెలియవు. ఊరి జ్ఞానానికి ఈ సాధనాలు తోడైతే ఆ విలేకరిని కాదనే డెస్క్ ఉండదు.

పైనుంచి చూస్తే కనిపించేవి, కనిపించనివి

కొంచెం ఓపిక ఉన్నవాళ్లకు ఉపగ్రహ చిత్రాలు చేరువలోనే ఉన్నాయి. యూరప్ అంతరిక్ష సంస్థ సెంటినెల్ చిత్రాలు ఉచితం. సెంటినెల్-1 రాడార్‌తో చూస్తుంది గనక వరద రోజుల మబ్బు దానికి అడ్డు కాదు. సెంటినెల్-2 చిత్రాల్లో ఒక చుక్క నేల మీద పది మీటర్లు. అమెరికా ల్యాండ్‌శాట్ రికార్డు 1970ల దాకా వెనక్కి వెళుతుంది. మన ఇస్రో భువన్ పోర్టల్ ఉండనే ఉంది. భీమవరం, ఉండి వైపు వరి చేలు రొయ్యల, చేపల చెరువులుగా మారిన తీరు, 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చేపల చెరువుల గట్లు తెంచడానికి ముందూ తర్వాతా కొల్లేరు, ఉప్పాడ తీరాన్ని సముద్రం కోసుకుపోయిన వైనం, ఇవన్నీ రెండు తేదీల చిత్రాలు పక్కపక్కన పెడితే ఎవరికైనా అర్థమవుతాయి.

కానీ ఆ చిత్రంలో లీజు ఎకరానికి ఎంతో ఉండదు. పక్క చేనులోకి ఉప్పు ఊరి వరి పోయిందని, తాగే నీళ్ల చెరువు రంగు మారిందని ఉండదు. అనుమతి ఉన్న చెరువేదో లేనిదేదో ఉండదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి సాగు మానేసినప్పుడు పైనుంచి చూసినవాడికి కనిపించేది బీడు నేల మాత్రమే. గిట్టుబాటు కాని ధర, దొరకని కూలీలు, పూడుకుపోయిన మురుగు కాలువలు కనిపించాలంటే నేల మీద నడవాలి. ఉపగ్రహ చిత్రం ఎక్కడ అడగాలో చెబుతుంది, అడిగే పని మనదే.

కెమెరా ఎక్కువ చెప్పేస్తుంది

రాసేటప్పుడు పేరు తీసేస్తే మనిషి దాదాపు దాగిపోతాడు. వీడియోలో పేరు తీసేసినా ఇంటి గేటు, వీధి మలుపు, స్కూలు యూనిఫాం, గొంతు అన్నీ చెప్పేస్తాయి. లైంగిక నేరాల్లో బాలల గుర్తింపు బయటపెట్టడం పోక్సో చట్టం 23వ సెక్షన్ కింద నేరం. అత్యాచార బాధితుల విషయంలో భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ఉంది. ముఖం మీద మసక వేసి 'సరిపోయింది' అనుకునే కుర్రాళ్లు పల్లెటూళ్లో ముఖం లేకపోయినా ఎవరి ఇల్లో అందరికీ తెలుసని మర్చిపోతారు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగినప్పటి లాంటి విషాదాల్లో చట్టం లేకపోయినా ఇదే లెక్క. ఇంటివాళ్లకు కబురు చేరకముందే శవం దృశ్యం ఫోన్లలో తిరగకూడదు.

డ్రోన్ సంగతి క్లుప్తంగా. 2021 డ్రోన్ నిబంధనల్లో 250 గ్రాముల లోపు నానో డ్రోన్లకు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అంతమాత్రాన ఎక్కడైనా ఎగరేయొచ్చని కాదు. మధురపూడి విమానాశ్రయం చుట్టుపక్కల ఆంక్షలున్నాయి, డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు చూడకుండా ఎగరేయొద్దు. వరదలో సహాయ హెలికాప్టర్లు తిరుగుతుంటే డ్రోన్ పెట్టెలోనే ఉండాలి.

ఇక ఉద్యోగం, డబ్బు

వీడియో తీయడం, మొబైల్లోనే కత్తిరించడం, తెలుగులో తప్పుల్లేకుండా క్యాప్షన్ వేయడం వస్తే డిజిటల్ డెస్క్‌లో అవకాశం మెరుగవుతుంది. అందులో సందేహం లేదు. తప్పుల్లేని క్యాప్షన్ అన్నమాట తేలిగ్గా తీసుకోవద్దు. గోదావరి యాసను ఆటోమేటిక్ క్యాప్షన్ తరచూ తప్పుగా వింటుంది, ఊళ్ల పేర్లయితే మరీను. యూనికోడ్ టైపింగ్ వేగంగా రావాలి. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో దాచుకున్న వార్త గూగుల్‌లో వెతికినా దొరకదు.

ఇంకోవైపు కూడా చూడాలి. మండల కంట్రిబ్యూటర్లలో చాలామందికి నెల జీతం ఉండదు, అచ్చైన దాన్ని బట్టి లెక్క. అలాంటి మనిషినే ఇప్పుడు వార్త, ఫోటో, వెబ్‌కు వీడియో, రీలు, వీలైతే లైవ్ అన్నీ పంపమంటున్నారు. ఫోన్ తనది, డేటా రీచార్జ్ తనది, పడవ చార్జీ కూడా తనదే. నాలుగు పనులు వచ్చినవాడికి నాలుగు జీతాలు రావు, నాలుగు డెడ్‌లైన్లు వస్తాయి. రీలు కోసం పరిగెత్తే రోజు జాబితాలు చదవడానికి టైం ఉండదు, అసలు వార్త అక్కడే జారిపోతుంది. సొంత యూట్యూబ్ చానల్ పెట్టుకుంటే స్వేచ్ఛ ఉంది గానీ, ఆదాయం చూపుల (వ్యూస్) మీద నడుస్తుంది. పులస చేప వేలంలో రికార్డు ధర పలికిందంటే వచ్చే చూపులు ఏటిగట్టుకు పడ్డ బుంగ మీద వార్తకు రావు. రెండో వార్త చేయడానికి మొదటిది చేసి డబ్బు సంపాదించుకోవడంలో తప్పేమీ లేదు, ధర నిజమైతే చాలు.

నేర్చుకునే వరుస అడిగితే నేనిలా చెబుతాను. ముందు అయిదు వాక్యాల్లో వార్త చెప్పడం రావాలి, ఎందుకంటే సిగ్నల్ పోయినప్పుడు మిగిలేది అదే. 2022 మే నెలలో కోనసీమలో అల్లర్ల తర్వాత ఇంటర్నెట్ ఆపేశారు, జూలైలో వరద వచ్చింది. హెచ్‌డీ వీడియో నిమిషానికి దాదాపు వంద ఎంబీ ఉంటుంది. అది కదలని చోట ఫోన్లో డెస్క్‌కు చెప్పి రాయించగలిగినవాడి వార్తే వెళుతుంది. రెండోది ధ్వని. తర్వాత ఫోటో, ఆ తర్వాత వీడియో. వీడియోలో కూడా దూరం నుంచి చోటు, మధ్యలో మనిషి, దగ్గరగా చేతులు, ఈ మూడు షాట్లు కుదురుగా తీయడం వస్తే తొంభై శాతం పని జరిగిపోతుంది. మ్యాపులు, పట్టికలు దానితో పాటే మెల్లగా. ముడి ఫైళ్లు తేదీ, ఊరు పేరుతో రెండు చోట్ల దాచుకోవడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోవాలి. రేపు ఎవరైనా 'అది అబద్ధం' అంటే చూపించడానికి కత్తిరించని మూలం ఉండాలి.

ఇక సంస్థలో చేరేముందు మూడు సంగతులు అడిగి, కుదిరితే వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. ముడి ఫుటేజీ ఎవరిది? రీచార్జ్, పడవ, పెట్రోలు ఖర్చు ఎవరిస్తారు? వీడియోకు విడిగా లెక్క ఉందా, వార్తలోనే కలిపేస్తారా? మొదటిదానికి మాత్రం బేరం ఆడండి. వరద ఏటేటా వస్తుంది, ఈ ఏడు మీరు తీసిన గోడ మీది గీత అయిదేళ్ల తర్వాత మీకే కావాల్సి వస్తుంది.